పెద్దాసుపత్రి వెనక గేటు భోజనం: ఒక వంటవాడి రివ్యూ

హోటళ్లకు రివ్యూలు రాసే అలవాటు నాకు లేదు. నేనే క్యాటరింగ్ మీద బతికేవాణ్ణి. ఇవాళ పక్కవాడి సాంబారుకు వంక పెడితే రేపు నా పప్పులో రాళ్లు వెతుకుతారు. ఇది హోటల్ కాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. మా జిల్లా పెద్దాసుపత్రి వెనక గేటు దగ్గర సోమవారం నుంచి శనివారం దాకా, మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఒక చిన్న చర్చి సంఘానికి చెందిన స్త్రీల సమాజం వాళ్లు భోజనం పెడతారు. తినేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు, ఫ్లెక్సీ కట్టరు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. మా ఊరివాళ్లకు ఎలాగూ తెలుసు. వేరే ఊరివాళ్లకు పేరుతో పనేముంది, పద్ధతి తెలిస్తే చాలు.

నేను అక్కడ తినడానికి కారణం మా బావగారు. బాత్రూంలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఆర్థో వార్డులో చేరారు. ఆషాఢం కావడంతో నాకు పెళ్లి ఆర్డర్లు లేవు, మా అక్కకు మోకాళ్లు సహకరించవు, అందుకని పక్కన ఉండే డ్యూటీ నాకు పడింది. పెద్దాసుపత్రిలో ఉన్నవాళ్లకు తెలిసిందే: పేషెంటుకు ఆసుపత్రి డైట్ వస్తుంది, పక్కన ఉన్న మనిషికి రాదు. బయట మెస్సులో ప్లేటు భోజనం వంద దాటింది. అన్న క్యాంటీన్‌లో అయిదు రూపాయలకే దొరుకుతుంది గానీ, మంచం మీద మనిషిని ఒంటరిగా వదిలి వెళ్లి లైన్లో నిలబడాలంటే టెన్షన్. పల్లెల నుంచి వచ్చినవాళ్లు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చేవాళ్ల ఇంటివాళ్లు టీ, బన్నుతో పొద్దు గడిపేస్తారు. ఈ భోజనం వాళ్ల కోసం. నాలాంటివాడు ఆ బంతిలో కూర్చోవడానికి కాస్త మొహమాటమే. కానీ తాలింపులో ఇంగువ పడ్డ వాసన వచ్చాక వంటవాడు కూర్చోకుండా ఉండలేడు.

ముందు అన్నం సంగతి చెప్పాలి, ఎందుకంటే వీళ్ల దగ్గర అన్నిటికంటే తక్కువ మార్కులు పడేది దానికే.

వాళ్లు బియ్యం కొనరు. సంఘంలో ప్రతి ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి వస్తుంది. మిజోరాంలో సంఘాలు వందేళ్లకు పైగా ఈ పిడికెడు బియ్యంతోనే ఎన్నో పనులు నడుపుతున్నాయి. మన వైపూ అక్కడక్కడా ఉన్న పద్ధతే. వినడానికి చాలా బాగుంటుంది. వండేవాడికి మాత్రం ఇంతకంటే శిక్ష లేదు. ఆ గుండిగలో బాపట్ల సాంబమసూరి ఉంటుంది, రేషన్ బియ్యం ఉంటుంది, ఎవరో కొత్తగా పట్టించిన వడ్ల బియ్యం ఉంటుంది, ఇంకెవరో ఏడాదిగా దాచుకున్న పాతవి ఉంటాయి. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ కావాలి, చప్పున చిమిడిపోతుంది. పాతవి ఇంకా ఇంకా నీళ్లు అడుగుతాయి. రెండూ ఒకే గుండిగలో పడితే ఒకే ముద్దలో సగం మెత్తగా, సగం పలుకుగా తగులుతుంది. నా దగ్గర పనిచేసే కుర్రాడు పెళ్లిలో ఇలాంటి అన్నం దించితే ఆ రోజు కూలి గురించి పేచీ పడేవాణ్ణి.

ఆగలేక మూడో నాడో నాలుగో నాడో వంట చేసే చోటికే వెళ్లాను. చర్చి వెనక రేకుల షెడ్డు, మూడు గ్యాసు పొయ్యిలు. ఈ పనంతా చూసేది ఒక రిటైర్డ్ నర్సు, అందరూ సిస్టరమ్మగారు అంటారు. నేను వెళ్లేసరికి ఇద్దరు ఆడవాళ్లు చాటలో బియ్యం పోసుకుని తెల్లగా, కాస్త లావుగా ఉన్న గింజలు ఏరి పారేస్తున్నారు. "ప్లాస్టిక్ బియ్యం కదండీ" అన్నారు. సిస్టరమ్మగారు అప్పుడే చూసి ఆ గింజలు తిరిగి చాటలో పోయించారు. రేషన్ బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలిపిన పోషకాల గింజలవి. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 ఉంటాయి. "రక్తం లేక వార్డులో పడుకున్న పిల్లలకు మనం పెట్టేది ఇది, దాన్ని మీరు కాకులకు వేస్తున్నారా" అని ఆమె అన్నది కోపంగా కాదు, విసుగ్గా. నర్సుగా పనిచేసినవాళ్లకే వచ్చే ఓపికతో కూడిన విసుగు అది.

నా సలహా చెప్పాను: రెండు డ్రమ్ములు పెట్టండి, కొత్తవి ఒకదాంట్లో, పాతవి ఇంకోదాంట్లో. ఏ ఇంటిది ఏదో తెచ్చేవాళ్లకు తెలుసు, వాళ్లనే పోయమనండి. రేషన్ బియ్యం విడిగా అరగంట నానేయండి. ఆమె విని, "డ్రమ్ములు పెట్టొచ్చు బాబూ. కానీ ఎవరి డబ్బా ఏ డ్రమ్ములో పడిందో పదిమందీ చూస్తారు. రేషన్ బియ్యం తెచ్చే మనిషి రెండో వారం నుంచి తేవడం మానేస్తుంది" అన్నారు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇద్దరం మాట్లాడుకుని, డ్రమ్ములు షెడ్డు లోపల పెట్టి, డబ్బాలు మూతలతోనే తీసుకుని, తర్వాత వంటవాళ్లే చూసి వేరు చేసేట్టు అనుకున్నాం. బావగారు డిశ్చార్జి అయ్యేనాటికి అది మొదలు కాలేదు. కాబట్టి అన్నానికి అయిదులో రెండున్నర. మొహమాటం లేదు.

పప్పుకు మాత్రం అయిదుకు అయిదు. దోసకాయ పప్పు ఒక రోజు, టమాటా ఒక రోజు, తోటకూరో బచ్చలో ఒక రోజు. కందిపప్పు బాగా ఉడికించి, మరీ మెత్తగా రుబ్బేయకుండా పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పి వదిలేస్తారు. తాలింపులో వెల్లుల్లి దంచి వేస్తారు, తరిగి కాదు. దోసకాయ ముక్కకు పులుపు పడుతుంది, కానీ ముక్క విరగదు. ఇది చెప్పినంత తేలిక కాదు. దోసకాయ విడిగా సగం ఉడికించి, పప్పు ఉడికాక కలపాలి. ఉచితంగా పెట్టేదానికి ఇంత జాగ్రత్త ఎందుకని చాలామంది కలిపి కుక్కరెక్కిస్తారు. బుధవారం కోడిగుడ్డు. శనివారం ఎందుకు పెట్టరని అడిగితే, వెంకటేశ్వరస్వామికి శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు చాలామంది, వాళ్ల పక్కన కూర్చుని గుడ్డు తింటే ఇబ్బంది కదా అన్నారు. గుడ్లకు గరిటె వేరు, గిన్నె వేరు, వడ్డించే మనిషి వేరు. మజ్జిగ రోజూ ఉంటుంది. పల్చనే, కానీ నీళ్లు కలిపిన పుల్లటి పెరుగు కాదు, చిలికిన మజ్జిగ.

కొలతల గురించి కూడా చెప్పాలి. పెళ్లిలో నూరుమందికి పది కిలోల బియ్యం వేస్తే సరిపోతుంది, ఎందుకంటే బిర్యానీ, స్వీటు, గారె ఉంటాయి, సగం మంది డైటింగ్. వీళ్లు నూరుమందికి పదిహేను కిలోలు వేస్తున్నారు. లెక్క ఎక్కడిదని అడిగితే, "మొదట్లో పదే వేశాం. చివర కూర్చున్నవాళ్లు ఆకు వైపు చూడకుండా గుండిగ వైపు చూసేవాళ్లు" అన్నది ఒకావిడ. అడ్డాకు విస్తళ్లు వేసి, వేపచెట్టు కింద చాపల మీద కూర్చోబెట్టి వడ్డిస్తారు. లైన్లో నిలబెట్టి చేతిలో ప్లేటు పెట్టడం చాలా సులువు, మనుషులూ తక్కువ పడతారు. అయినా కూర్చోబెడతారు. చాలు అని చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డిస్తారు.

అసలు నన్ను కట్టిపడేసింది పెద్ద గుండిగల పక్కన ఉండే మూడు చిన్న గిన్నెలు. ఒకదాంట్లో ఉప్పు లేని పప్పు, ఒకదాంట్లో కారం లేని పప్పు, మూడోదాంట్లో సొరకాయ కూర. క్యారేజీ పట్టుకొచ్చిన వాళ్లను సిస్టరమ్మగారు మొదట అడిగేది "మీకా, పేషెంటుకా?" పేషెంటుకే అంటే ఏ వార్డు, ఏం జబ్బు అని అడిగి, దాన్నిబట్టి గరిటె మారుస్తారు. ఆసుపత్రి డైట్ వద్దని మొండికేసే పేషెంట్లు ఉంటారు కదా, వాళ్లకన్నమాట. డయాలసిస్ వాళ్లకు టమాటా పప్పు, ఆకుకూర పప్పు చచ్చినా ఇవ్వరు. పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు. వాళ్లకు సొరకాయ కూర. ఒకతను తన తండ్రికి టమాటా పప్పే కావాలని గొడవ పడ్డాడు. "మీ నాన్నకు ఇష్టమని నాకూ తెలుసు నాన్నా, పోయిన వారం నన్నూ అడిగాడు. ఈ కూరలో కొంచెం నిమ్మకాయ పిండి పెట్టు, పులుపు తగిలితే తింటాడు" అన్నారు. తండ్రి ఏం అడిగాడో ఆమెకు గుర్తుంది. రోజూ వందల మందికి వడ్డించే చోట ఎవరి నాలుకకు ఏం కావాలో గుర్తుపెట్టుకోవడం నేను పాతికేళ్ల వ్యాపారంలో డబ్బిచ్చే పార్టీలకు కూడా చేయలేదు.

ఇంకో రోజు ఒక పెద్దాయన విస్తరి ముందు కూర్చుని, "ఇదేమైనా ప్రార్థన చేసిన అన్నమా అమ్మా?" అని అడిగాడు. పక్కన కూర్చున్నవాళ్లం అందరం సిస్టరమ్మగారు ఏమంటారా అని చూశాం. లేదు అని ఒక్క మాటంటే అయిపోయేది. "వంట మొదలుపెట్టే ముందు షెడ్డులో చేసుకుంటామండీ" అన్నారు. ఆయన లేచి వెళ్లిపోయాడు. మొహంలో కోపం లేదు, పాపం ఆకలే ఉంది. సిస్టరమ్మగారు ఒక కుర్రాణ్ణి పిలిచి నాలుగు అరటిపళ్లు ఇచ్చి వెనకాలే పంపించారు: "ఇవి ఇప్పుడే బండి మీద కొన్నవి, వీటి మీద మేమేం చదవలేదని చెప్పు." ఆయన తీసుకున్నాడు. ఆ అరటిపళ్లకు నేను ఎన్ని మార్కులు వేయాలో తెలియక వేయడం లేదు.

ఇక్కడ ఒక మాట. ఇదే ఆసుపత్రి ముందు గేటు దగ్గర ఆదివారాలు ఇంకో సంస్థ వాళ్లు భోజనం పెడతారు. అదీ క్రైస్తవ సంస్థే. వంట వీళ్లకన్నా బాగుంటుంది, ఒప్పుకోవాలి. చికెన్ బిర్యానీ, దమ్ము సరిగ్గా పడింది, మెతుకు మెతుకు విడివిడిగా ఉంది. కానీ బిర్యానీ మూత తీసే ముందు మైకులో ప్రసంగం. ఎండలో జనం, మధ్యలో రెండు పాటలు, మళ్లీ ప్రసంగం. తర్వాత ప్యాకెట్ ఇస్తూ ఫొటో. ఒకతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటే, తువ్వాలు తీయమన్నారు. బహుశా ఊళ్లో వాళ్లకు తాను ఇక్కడ తింటున్నట్టు తెలియకూడదని అతని బాధ. తీశాడు, ఫొటో దిగాడు, ప్యాకెట్ తీసుకున్నాడు. బిర్యానీ వేడిగానే ఉంది. తిన్నాడో లేదో నేను చూడలేదు.

నేను మూడో తరం క్రైస్తవుణ్ణి. బడిలో చదివేటప్పుడు మమ్మల్ని పాలపొడి కోసం మతం మారినోళ్లని ఎగతాళి చేసేవాళ్లు. అందుకే అన్నం, వాక్యం ఒకే చేత్తో ఇస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. మా తాతల ఊరు ఒంగోలు వైపు. అక్కడ 1866లో వచ్చి స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునేది బాప్తిస్మాల సంఖ్య ఒక్కటే: 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది. నాకు మాత్రం ఆ సంఖ్య కన్నా దాని ముందు జరిగిందే ముఖ్యంగా కనిపిస్తుంది. 1876 నుంచి 78 దాకా భయంకరమైన కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించి కూలి ఇప్పించాడు. ఆ కరువు కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, అన్నం కోసం రావాల్సిన గతి వాళ్లకు పట్టించకూడదని. కరువు తగ్గి, ఇక సాయం ఏమీ ఉండదని తెలిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. కరువులో అందిన ఆ సాయమే వాళ్ల మనసు అటు తిప్పిందని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ వాదనను పూర్తిగా తోసేయలేం. కానీ చేతిలో గుండిగ ఉన్నవాడు గుండిగను ఎరగా వాడకుండా ఆగడమన్నది చిన్న విషయం కాదు. మైకు పట్టుకున్న తమ్ముళ్లు ఈ కథలో రెండో సగమే చెబుతారు.

క్రైస్తవ పెళ్లిళ్లలో నేను వెనక దమ్ము మీద కూర్చుని ఉంటే స్టేజి మీద ప్రతిసారీ, బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలోని పదమూడో అధ్యాయం చదువుతారు. ప్రేమ దీర్ఘకాలం సహిస్తుంది, దయ చూపిస్తుంది అనేది. పెళ్లికొడుకు సిగ్గుపడతాడు, పెళ్లికూతురు తల దించుకుంటుంది. ఆ మాటలు పెళ్లి కోసం రాసినవి కావు. అదే ఉత్తరంలో రెండు అధ్యాయాల ముందు పౌలు ఆ సంఘాన్ని చెడామడా తిడతాడు, అదీ భోజనం విషయంలో! ఆనాటి సంఘం కలిసి భోజనం చేసేది. కొరింథులో ఎవడి భోజనం వాడు ముందే కానిచ్చేస్తున్నాడు, ఒకడికి ఆకలి, ఇంకొకడికి మత్తు. పేదవాళ్లను సిగ్గుపరుస్తున్నారా అని అడిగాడు పౌలు. చివరికి చెప్పిన పరిష్కారం ఏ వంట మేస్త్రీ అయినా చెప్పేదే: ఒకరి కోసం ఒకరు ఆగండి. అంటే మనం పెళ్లిలో చదువుకునే ప్రేమ అధ్యాయం, సరిగ్గా నడవని ఒక బంతి భోజనం మీద రివ్యూ రాసిన మనిషి కలం నుంచి వచ్చింది. ఆ అధ్యాయంలోనే ఇంకో గట్టి మాట ఉంది: ఆస్తంతా పేదల పోషణకు ఇచ్చేసినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని. ఉచితంగా అన్నం పెట్టడమూ ప్రేమా ఒకటే అనుకుంటాం మనం. పౌలు ఆ రెండిటినీ విడదీసి చూశాడు. ముందు గేటు బిర్యానీ తిన్నవాడికి ఆయన ఎందుకలా అన్నాడో తెలుస్తుంది.

సిస్టరమ్మగారితోనూ ఒకాయన ఈ విషయం మీదే వాదన పెట్టుకున్నాడు. ఏదో సంఘం పెద్ద, తెల్ల చొక్కా, చేతిలో బైబిలు. "వందనాలమ్మా. ఇంతమందికి అన్నం పెడుతున్నారు, ఒక్క మాట వాక్యం చెప్పరు. ఇది సేవ ఎలా అవుతుంది? హోటల్ కూడా అన్నం పెడుతుంది" అన్నాడు. ఆమె వడ్డిస్తూనే ఉన్నారు. "అయ్యా, తిబెరియ సముద్రం ఒడ్డున ప్రభువు నిప్పులు రాజేసి చేపలు కాల్చాడు. రాత్రంతా వల వేసి అలిసిపోయిన వాళ్లను రండి, తినండి అన్నాడు. వాళ్లు తిన్న తర్వాతే పేతురును అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. తిననిచ్చి అడిగాడు." ఆయన "అది వేరమ్మా" అన్నాడు. ఎలా వేరో చెప్పలేదు. ఆమె ఆయనకూ ఒక విస్తరి వేశారు, కూర్చుని తిన్నాడు. మజ్జిగ రెండుసార్లు అడిగాడు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆ సంఘం పెద్ద వైపే. రాత్రి వార్డులో భయపడుతూ కూర్చున్న మనిషి ఎవరైనా వచ్చి ఒక ప్రార్థన చేస్తే బాగుండు అనుకోవచ్చు. వీళ్లు అడిగితే తప్ప చెయ్యరు, కానీ ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. బలవంతం లేకుండా, ఎక్కడో ఓ మూల ఒక చిన్న కాగితం అంటించి పెట్టొచ్చు. మొహమాటం ఎక్కువైతే అదీ ఒక లోపమే. మా బావగారు ఆపరేషన్ ముందు రోజు సిస్టరమ్మగారినే పిలిపించుకున్నారు, అది నేను అక్కడ ఉండబట్టి.

ఇంకా లోపాలున్నాయి. చేతులు కడుక్కోవడానికి ఒక్క డ్రమ్మే, సబ్బు మధ్యలో అయిపోతుంది. ట్రాలీ ఆటో ఒక్కోరోజు ఒంటిగంటకు గానీ రాదు. గుండిగలకు పాత దుప్పట్లు చుట్టి తెస్తారు గానీ, ఆలస్యమైన రోజు పప్పు గోరువెచ్చగా ఉంటుంది. వేడి వంటను 60 డిగ్రీల కింద ఎక్కువసేపు ఉంచకూడదు. ఎండాకాలం అయితే అస్సలు కుదరదు. వంటలో గుచ్చి వేడి చూసే ప్రోబ్ థర్మామీటరు ఒకటి కొనమని చెప్పాను. లాభం లేకుండా పెట్టే భోజనమైనా ఆహార భద్రత చట్టం కిందికి వస్తుందని వాళ్లకు తెలియదు. రిజిస్ట్రేషన్ చేయించుకోమన్నాను, కాగితాలు నింపి పెడతానన్నాను కూడా. వడ్డించేవాళ్లలో ఒకావిడకు నోరు కొంచెం దురుసు. తాగి వచ్చిన ఒక అటెండెంటును అందరి ముందూ నానా మాటలూ అంది. అతను తాగి రావడం తప్పే. కానీ ఆ పూట అతని పెళ్ళాం ఐసీయూలో ఉంది.

అన్నిటికన్నా పెద్ద గొడవ క్యారేజీల దగ్గర వచ్చింది. పేషెంటును వదిలి కదల్లేని వాళ్లకు పైన వార్డులకు క్యారేజీలు పంపుతారు. అయితే పట్టుకెళ్లే కుర్రాళ్లు తమ సంఘంవాళ్లకు, తెలిసినవాళ్లకు ముందు ఇచ్చేసి, మూడో అంతస్తు చివర వార్డుకు వెళ్లేసరికి ఖాళీ అయిపోతోందని అక్కడి ఆడవాళ్లు వచ్చి గట్టిగా అడిగారు. కొత్త గొడవేం కాదు. బైబిల్లో తొలి సంఘం కథ చెప్పే అపొస్తలుల కార్యాల్లో ఆరో అధ్యాయం ఇదే: రోజూ పంచే భోజనంలో మా విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు, అంటే యేసు పంపిన శిష్యులు, వాళ్లను ఓదార్చి పంపేయలేదు. ఏడుగురిని ఏర్పాటు చేశారు, ఆ ఏడుగురి పేర్లూ స్తెఫనుతో మొదలుపెట్టి గ్రీకు పేర్లే. అంటే అన్యాయం జరిగిందన్న వైపువాళ్లకే గరిటె ఇచ్చారన్నమాట. సిస్టరమ్మగారూ సరిగ్గా అదే చేశారు. మూడో అంతస్తు నుంచి గొడవకు వచ్చినవాళ్లలో ఒకతను ఆటో నడుపుతాడు, వాళ్ల అమ్మ డయాలసిస్ పేషెంటు, వాళ్లు క్రైస్తవులు కారు. క్యారేజీల లిస్టు అతని చేతికిచ్చి "ఇక నుంచి ఎవరికి ముందో నువ్వే రాయి" అన్నారు. అతను చివర వార్డు నుంచి మొదలుపెట్టి కిందికి వస్తున్నాడు. సంఘం కుర్రాళ్లు నాలుగు రోజులు మొహం మాడ్చుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. ఒకటే ఫిర్యాదు: అతను సెల్‌ఫోన్‌లో పాటలు పెట్టుకుని మెట్లెక్కుతాడు, నర్సులు తిడుతున్నారు.

మొత్తం మీద ఎన్ని స్టార్లు అంటే, వంటవాడిగా మూడున్నర. మనిషిగా ఎన్నో చెప్పలేను, ఆ లెక్క నా వృత్తిలో లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు: పన్నెండింటికల్లా చెట్టు కింద ఉండండి, మొదటి బంతికి అన్నం వేడిగా ఉంటుంది. బుధవారం గుడ్డు రెండో బంతిలో అయిపోయే అవకాశం ఉంది. పేషెంటుకు తీసుకెళ్లాలంటే మీ క్యారేజీ మీరే తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవర్లో వేడి పప్పు పొయ్యరు. జబ్బు ఏమిటో నిజం చెప్పండి, షుగరు దాచిపెట్టి రెండు గరిటెలు ఎక్కువ అడగొద్దు, ఆవిడకు తెలిసిపోతుంది.

ఇవ్వాలనుకునేవాళ్లకు: బియ్యం వాళ్లకు చాలినన్ని ఉన్నాయి. కావాల్సినవి కందిపప్పు, చేతులు కడుక్కునే సబ్బులు, మూత బిగుతుగా ఉండే పెద్ద హాట్‌ప్యాక్‌లు రెండు. డబ్బు ఇస్తే రసీదు ఇస్తారు, ఫొటో తీయరు. మంగళ, గురువారాల్లో వడ్డించే మనుషులు తక్కువ పడుతున్నారు. చాలామంది అరవై దాటినవాళ్లు, వంగి వడ్డించడం కష్టమవుతోంది. నడుము నొప్పి లేనివాళ్లు, నోరు దురుసు లేనివాళ్లు ఎవరైనా పదకొండున్నరకు షెడ్డు దగ్గరికి వెళ్లి కలవండి. ఏ మతమని అడగరు. గోళ్లు మాత్రం చూస్తారు.